రోగ్‌లైక్‌లో కొత్తవాళ్లు అంత త్వరగా ఎందుకు చస్తారు? టర్న్‌ల లెక్క, బిల్డ్ లెక్క

క్లుప్తంగా: రోగ్‌లైక్‌లో (డంజన్, అంటే నేలమాళిగ, ప్రతిసారీ కొత్తగా తయారై, చస్తే మొదటి నుంచి ఆడాల్సిన వీడియో గేమ్) చావుకి ఎక్కువసార్లు కారణం బ్యాడ్ లక్కో బలహీనమైన క్యారెక్టరో కాదు, చేయాల్సిన పని రెండు మూడు టర్న్‌లు ఆలస్యంగా చేయడం. ఎక్కడ నిలబడి కొట్టాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, సంచిలోది ఎప్పుడు బయటికి తీయాలి అన్నవి తెలిస్తే ఆట సగం చేతికొచ్చినట్టే. బిల్డ్ (క్యారెక్టర్‌ని ఏ ఆయుధాలు, నైపుణ్యాలతో తయారుచేసుకుంటామన్నది) విషయంలో ముందే వేసుకున్న ప్లాన్ కంటే ఆ రన్‌లో (మొదలుపెట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా సాగే ఒక ఆటలో) దొరికినదాన్ని పట్టుకుని, అప్‌గ్రేడ్లన్నీ ఒకటి రెండు వస్తువులకే పెట్టడం మేలు. కిందికి ఎప్పుడు దిగాలన్నది మాత్రం ఆ ఆటలో బలం ఎక్కడి నుంచి వస్తుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఒకే పేరు, రెండు రకాల ఆటలు

అయోమయం పేరు దగ్గరే మొదలవుతుంది. 1980లో వచ్చిన రోగ్ అనే ఆట నుంచి ఈ జాతి పుట్టింది. మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ మొదలుపెట్టిన ఆ ఆటలో డంజన్ ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, చస్తే మళ్లీ మొదటి నుంచి ఆడాలి. 1987 నాటి నెట్‌హ్యాక్, 1990 నాటి ఆంగ్‌బాండ్, 1997 నాటి క్రాల్, దాన్నుంచి విడిపోయి 2006 నుంచి నడుస్తున్న స్టోన్ సూప్, 2009లో వచ్చిన బ్రోగ్, ఫోన్లలో బాగా ఆడే షాటర్డ్ పిక్సెల్ డంజన్ అన్నీ ఆ దారిలోవే. హేడిస్ అనే ఆటని కూడా చాలామంది రోగ్‌లైక్ అనే పిలుస్తారు కానీ అందులో చచ్చిన ప్రతిసారీ ఇంటికి తిరిగొచ్చి, వెంట తెచ్చుకున్న డార్క్‌నెస్ అనే సొమ్ముతో అద్దం దగ్గర శాశ్వత బలాలు కొనుక్కోవచ్చు. అలాంటివాటిని రోగ్‌లైట్ అంటారు.

ఈ తేడా వల్ల సలహాలే తారుమారవుతాయి. రోగ్‌లైట్‌లో "చచ్చినా పర్లేదు, దూకేయ్" అన్నది మంచి సలహా, ఎందుకంటే పదో రన్‌లో క్యారెక్టర్ మొదటి రన్ కంటే నిజంగానే గట్టిగా ఉంటాడు. పాత తరహా ఆటల్లో వందో రన్‌లో మొదలయ్యే హీరో కూడా మొదటి రన్ హీరో అంతే బలంతో ఉంటాడు. పెరిగేది ఆడేవాళ్ల బుర్రలో ఉన్న సమాచారం ఒక్కటే. కింద చెప్పేదంతా ఈ రెండో రకం గురించి.

30 హెచ్‌పీ, నలుగురు శత్రువులు

ఒక చిన్న లెక్కతో అసలు విషయం అర్థమవుతుంది. హీరోకి 30 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) ఉంది, ఎదురుగా నాలుగు మాన్‌స్టర్లు, ఒక్కొక్కటి టర్న్‌కి 3 హెచ్‌పీ తీస్తుంది, ఒకదాన్ని చంపడానికి హీరోకి 2 టర్న్‌లు పడుతుంది అనుకుందాం. గది మధ్యలో నిలబడితే నాలుగూ చుట్టుముట్టి ఒకేసారి కొడతాయి. మొదటి 2 టర్న్‌లలోనే 24 హెచ్‌పీ పోయింది, ఒక మాన్‌స్టర్ చచ్చింది. మూడో టర్న్‌లో మిగిలిన మూడూ కలిసి ఇంకో 9 తీస్తాయి. ఆట అయిపోయింది.

అదే హీరో, అదే కత్తి, అవే మాన్‌స్టర్లు, కాకపోతే నాలుగడుగులు వెనక్కి వేసి ఇరుకు కారిడార్‌లో నిలబడ్డాడు. ఇప్పుడు ఒక్కటే అందుకోగలదు, మిగతా మూడూ దాని వెనకాల క్యూలో ఉంటాయి. నాలుగింటినీ చంపడానికి 8 టర్న్‌లు, పోయే హెచ్‌పీ 24. హీరో 6 హెచ్‌పీతో బతికి బయటపడతాడు. లెవల్ పెరగలేదు, కొత్త కవచం దొరకలేదు, నిలబడ్డ చోటు మారింది, అంతే. విల్లు పట్టినవాళ్లూ మంత్రాలు విసిరేవాళ్లూ గుంపులో ఉంటే పొడవాటి కారిడార్ వాళ్లకే పనికొస్తుంది కాబట్టి అప్పుడు మలుపు తిరిగి గోడ చాటున కాచుకోవాలి, వాళ్లే దగ్గరికి రాక తప్పదు.

ఆటను బట్టి ఈ సూత్రానికి చిన్న చిన్న రూపాలుంటాయి. నెట్‌హ్యాక్‌లో తలుపు ఉన్న గుమ్మంలోంచి ఏటవాలుగా నడవడం కుదరదు కాబట్టి అక్కడ నిలబడ్డవాడి మీదికి నేరుగా ఒకటే రాగలదు. షాటర్డ్ పిక్సెల్ డంజన్‌లో తలుపు పక్కన కనబడకుండా నిలబడి, మాన్‌స్టర్ గుమ్మంలోకి రాగానే కొడితే ఆ దెబ్బ తప్పిపోదు, కచ్చితంగా తగులుతుంది. స్టోన్ సూప్‌లో మెట్లు ఎక్కితే ఆ క్షణాన ఒంటికి ఆనుకుని ఉన్నవి మాత్రమే వెంట వస్తాయి, అంటే గుంపులోంచి ఒకటి రెండింటిని పైకి లాగి, తెలిసిన ఫ్లోర్‌లో తీరిగ్గా చంపి, మళ్లీ దిగొచ్చు. నెట్‌హ్యాక్‌లోనూ అంతే. కొత్తవాళ్లు మెట్లను కిందికి దిగే దారిగానే చూస్తారు, నిజానికి ఈ ఆటల్లో అంతకంటే నమ్మకమైన ఆయుధం ఇంకోటి లేదు.

టర్న్‌లు ఎలా పోతాయి

ఒక టర్న్‌కి ఒక పని, ఎదుటివాడికీ అంతే అన్న నమ్మకంతో ఆడితే దెబ్బతినేది ఇక్కడే. నెట్‌హ్యాక్‌లో మామూలు మనిషి స్పీడు 12. సోల్జర్ చీమ స్పీడు 18, పైగా దానికి ఒక్కో పనిలో రెండు దెబ్బలు, ఒక కాటు, ఒక కుట్టు. అంటే హీరో రెండుసార్లు కత్తి తిప్పేలోపు అది సుమారు మూడుసార్లు, మొత్తం ఆరు దెబ్బలు వేస్తుంది. దాన్నుంచి పరుగెత్తడం కూడా కుదరదు, వెనక్కి తిరిగినకొద్దీ వీపు మీద పడుతూనే ఉంటుంది. ఆంగ్‌బాండ్‌లో స్పీడు +10 అంటే రెట్టింపు వేగం, అక్కడి అనుభవజ్ఞులు కత్తి కంటే స్పీడునే ఎక్కువ వెతుక్కోవడానికి కారణం అదే.

టర్న్‌లని దొంగిలించే ఇంకో రకం పెరాలసిస్, అంటే కదల్లేకుండా పడిపోవడం. నెట్‌హ్యాక్‌లో నీలం రంగు ఇంగ్లీష్ 'e' అక్షరంలా కనిపించే ఫ్లోటింగ్ ఐ అనే కన్ను ఉంటుంది. దాని స్పీడు 1, అది ఎవరినీ కొట్టదు, చూడ్డానికి తేరగా దొరికిన ఎక్స్‌పీలా (లెవల్ పెంచే అనుభవ పాయింట్లలా) ఉంటుంది. చేత్తోనో కత్తితోనో దగ్గరగా కొడితే మాత్రం అది తిరిగి చూసిన చూపుకి హీరో పదుల కొద్దీ టర్న్‌లు కదలకుండా పడిపోవచ్చు, ఆలోగా దారిన పోయే ఏ నక్కయినా పని కానిచ్చేస్తుంది. దూరం నుంచి బాకులు విసిరి చంపితే ఏ గొడవా లేదు, దాని మాంసం తింటే టెలిపతీ కూడా వస్తుంది. ఆంగ్‌బాండ్‌లోనూ ఇదే పేరుతో ఒక కన్ను మొదటి ఫ్లోర్లలోనే ఉంటుంది, అక్కడ పక్కన నిలబడితే చాలు, చూపుతోనే పెరలైజ్ చేస్తుంది. ఆంగ్‌బాండ్ ఆడేవాళ్లు ఫ్రీ యాక్షన్ (పెరాలసిస్ నుంచి రక్షణ) లేకుండా లోతుకి దిగొద్దని అన్నిసార్లు చెప్పేది ఊరికే కాదు.

అందుకే పేరు తెలియని మాన్‌స్టర్ కనబడగానే చేయాల్సిన మొదటి పని దాన్ని కొట్టడం కాదు, దాని వివరం చదవడం. ఇప్పటి ఆటల్లో చాలావాటిలో చూసే కమాండ్ ఉంటుంది, ఫోన్‌లో భూతద్దం బటన్ ఉంటుంది. చదవడానికి టర్న్ ఖర్చు కాదు. స్టోన్ సూప్‌లో 'ఓ' కీ నొక్కితే హీరో తనంతట తానే తిరుగుతాడు, ట్యాబ్ నొక్కితే దగ్గర్లో ఉన్నదాన్ని తనంతట తానే కొడతాడు. చాలా సౌకర్యం. అలవాటుగా ట్యాబ్ మీద వేలు ఆనించి కూర్చున్నవాళ్లకి మాత్రం ఎదురొచ్చింది గోబ్లినో ఓగరో చదివే తీరికే ఉండదు.

సంచిలో మిగిలిపోయిన పోషన్లు

చచ్చినవాడి సంచి తెరిస్తే రెండు టెలిపోర్ట్ స్క్రోళ్లు, మూడు హీలింగ్ పోషన్లు అలాగే ఉంటాయి. ఏ రోగ్‌లైక్‌లోనైనా కొత్తవాళ్ల కథ దాదాపు ఇదే. "ముందుముందు అవసరం పడతాయి" అని దాచడం, హెచ్‌పీ ఎర్రగా మారాక హడావుడిగా వెతకడం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఆ దశలో తాగిన పోషన్ చాలాసార్లు వృథా.

ఎందుకు వృథానో కూడా లెక్కలోనే ఉంది. నెట్‌హ్యాక్‌లో మామూలు హీలింగ్ పోషన్ సగటున 15 హెచ్‌పీ ఇస్తుంది. పైన చెప్పిన సోల్జర్ చీమ పక్కనే ఉండి దాని దెబ్బలన్నీ తగిలితే ఒక్క టర్న్‌లో సగటున అంతకంటే ఎక్కువే పోతుంది. అంటే తాగిన ప్రతి టర్న్‌లో హీరో నష్టాల్లోనే ఉంటాడు, పైగా ఆ టర్న్‌లో చీమకి ఒక్క దెబ్బా తగల్లేదు. కాబట్టి ముందు దూరం, తర్వాత వైద్యం. చిటికెలో వేరే చోటికి చేర్చే టెలిపోర్ట్, బ్లింక్, ఫేజ్ డోర్, లేదంటే మెట్లు, ఏది ఉంటే అది ముందు వాడి, ఊపిరి పీల్చుకునే చోటికి చేరాక పోషన్ తాగాలి.

ఎప్పుడు వెనక్కి తగ్గాలన్నదానికి శాతాలు పెట్టుకోవడం కంటే ఒక ప్రశ్న పెట్టుకోవడం నయం: ఎదురుగా ఉన్నవన్నీ వచ్చే రెండు టర్న్‌లు గరిష్ఠంగా కొట్టినా బతుకుతానా? సగటు దెబ్బతో లెక్కేస్తే ఎక్కువసార్లు బతుకుతారు, కానీ ఒక రన్‌లో ఇలాంటి సందర్భాలు వందల్లో వస్తాయి, అందులో ఒక్కటి తప్పినా చాలు. జవాబు "లేదు" అని వచ్చిన టర్న్‌లోనే కదలాలి, తర్వాతి టర్న్‌లో కాదు.

కొన్ని ఆటలు ఉచితంగా ఒక ప్రాణభిక్ష ఇస్తాయి, దానికీ నియమాలున్నాయి. నెట్‌హ్యాక్‌లో హెచ్‌పీ మొత్తంలో ఏడో వంతు కంటే తగ్గినప్పుడో 6 కంటే తక్కువ ఉన్నప్పుడో ప్రార్థన చేస్తే దేవుడు పూర్తిగా నింపేస్తాడు. ఆట మొదలైన 300 టర్న్‌ల లోపు మాత్రం వద్దు, ఒకసారి చేశాక మళ్లీ 1000 టర్న్‌లు ఆగడం సేఫ్. ఇక్కడ తమాషా ఏంటంటే హెచ్‌పీ ఇంకా పావు వంతు ఉన్నప్పుడే కంగారుపడి ప్రార్థిస్తే అది పెద్ద కష్టం కింద లెక్కకి రాదు, దేవుడికి కోపం వచ్చే అవకాశమే ఎక్కువ. స్టోన్ సూప్‌లో ట్రోగ్ దేవుడిని కొలిచే బెర్సర్కర్‌కి ఆవేశం వస్తే హెచ్‌పీ, వేగం, దెబ్బ అన్నీ పెరుగుతాయి, అది దిగిపోయాక కాసేపు నీరసపడి నెమ్మదిస్తాడు. కాబట్టి పెద్ద శత్రువు ఒక్కడే ఉన్నప్పుడు మొదట్లోనే వాడాలి. వెనకాల ఇంకో గుంపు వస్తుంటే ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

పేరు తెలియని పోషన్లు, స్క్రోళ్ల సంగతి తొందరగానే తేలిపోతుంది. ప్రతి రన్‌లో వాటి రంగులు, పేర్లు మారతాయి కాబట్టి గుర్తుపెట్టుకుని లాభం లేదు. హెచ్‌పీ నిండా ఉన్నప్పుడు, చుట్టూ ఎవరూ లేనప్పుడు, మెట్ల దగ్గర, మొదటి కొన్ని ఫ్లోర్లలోనే వాడి చూసెయ్యాలి. మంటలు చెలరేగే పోషన్లు ఉండే ఆటల్లో నీళ్లకి దగ్గరగా ఉండటం మంచిది. బ్రోగ్‌లో చెడ్డవని తేలిన పోషన్లను పారేయకూడదు, గుంపు మీదికి విసరడానికి వాటిని మించినవి లేవు.

మొదటి క్యారెక్టర్ ఎవరు

మంత్రగాడు ఆకర్షణీయంగా కనిపిస్తాడు, కొత్తవాళ్లలో చాలామంది అతన్నే ఎంచుకుని మూడో ఫ్లోర్‌లో పోతారు. మొదటి రన్లలో కావాల్సింది తప్పు చేసినా ఇంకో టర్న్ మిగిల్చే క్యారెక్టర్. నెట్‌హ్యాక్‌లో వాల్కిరీని అందరూ సూచించేది అందుకే: మంచి హెచ్‌పీ, చలి దెబ్బలు పనిచేయవు, చప్పుడు చేయకుండా నడుస్తుంది. సమురాయ్ కూడా బాగుంటాడు. స్టోన్ సూప్‌లో మినోటార్ బెర్సర్కర్, షాటర్డ్‌లో వారియర్ ఇదే కోవ. వీళ్లతో ఆడటం బోర్ అనేవాళ్లున్నారు, అందులో కొంత నిజం ఉంది. కానీ మాన్‌స్టర్లు ఏం చేస్తాయో తెలియని దశలో మంత్రాల లెక్క కూడా నెత్తిన పెట్టుకోవడం అనవసరపు టెన్షన్.

అప్‌గ్రేడ్లు ఒకేచోట పెట్టడం ఎందుకు

బిల్డ్ అనగానే ముందే ప్లాన్ రాసుకుని దిగడం కొత్తవాళ్ల అలవాటు. మంటల కర్ర బిల్డ్ అనుకుని దిగినవాడికి పది ఫ్లోర్ల దాకా ఆ కర్ర దొరక్కపోవచ్చు, ఈలోగా దొరికిన మంచి గొడ్డలిని పక్కన పడేసి ఉంటాడు. ప్లాన్ అనేది ఏదో ఒక గట్టి వస్తువు చేతికొచ్చాక మొదలవ్వాలి.

ఆ తర్వాత వచ్చే ప్రశ్న పంపకం. షాటర్డ్ పిక్సెల్ డంజన్ దీన్ని బాగా చూపిస్తుంది. అందులో 5 ఫ్లోర్లకి 3 అప్‌గ్రేడ్ స్క్రోళ్లు, 2 స్ట్రెంగ్త్ పోషన్లు గ్యారంటీ, అంటే 25 ఫ్లోర్లు దాటేసరికి 15 అప్‌గ్రేడ్లు, 10 స్ట్రెంగ్త్. అయిదు వస్తువులకి సమంగా పంచితే ఒక్కొక్కటి +3. చివరి ఫ్లోర్లలో ఎదురొచ్చేవాటి ముందు +3 కత్తి, +3 కవచం, +3 ఉంగరం అన్నీ ఒకేలా తేలిపోతాయి. అదే ఒక్క వస్తువుకి పది పైన పెడితే అది ఆ లోతులో కూడా పనిచేస్తుంది.

స్ట్రెంగ్త్ లెక్క కూడా దీంట్లోనే ఉంది. హీరో 10 స్ట్రెంగ్త్‌తో మొదలవుతాడు, అయిదో శ్రేణి కత్తికి 18 కావాలి. మూడో ఫ్లోర్‌లో అలాంటిది దొరికితే ఆశ పుడుతుంది. అప్‌గ్రేడ్ పెడితే అవసరమైన స్ట్రెంగ్త్ తగ్గే మాట నిజమే కానీ ఆ తగ్గుదల రానురాను నెమ్మదిస్తుంది: +1కి ఒకటి, +3కి రెండు, +6కి మూడు. కాబట్టి బరువైన కత్తిని మొదట్లోనే అప్‌గ్రేడ్లతో మోయాలనుకుంటే స్క్రోళ్లన్నీ దానికే పోతాయి, అయినా అది గురి తప్పుతూనే ఉంటుంది. రెండో మూడో శ్రేణి కత్తితో నడుపుకుంటూ, స్క్రోళ్లు కొన్నాళ్లు ఆపి, స్ట్రెంగ్త్ అందుబాటులోకి వచ్చాక నిర్ణయించుకోవడం చాలామందికి కలిసొచ్చే దారి. పోషన్లు దాచొద్దని చెప్పి స్క్రోళ్లు ఆపమనడం ఏంటని అనిపించొచ్చు. పోషన్ ఒక టర్న్‌ని కాపాడుతుంది, అప్‌గ్రేడ్ మిగతా రన్ మొత్తాన్ని ఒక దారికి కట్టేస్తుంది, రెండింటి స్వభావం వేరు. అలాగని ఒకటో రెండో కవచానికి పెట్టకుండా అయిదో ఫ్లోర్ బాస్ దగ్గరికి వెళ్లడం కూడా పిసినారితనమే.

స్టోన్ సూప్‌లో ఇదే సమస్య స్కిల్స్ రూపంలో వస్తుంది. ఎక్స్‌పీ అంతా స్కిల్స్‌కి పంచబడుతుంది, పది స్కిల్స్ తెరిచి ఉంచితే పదీ నత్తనడకే. ఒక ఆయుధం ఎంచుకుని, దాన్ని ఆ ఆయుధానికి సాధ్యమైనంత వేగంగా తిప్పగలిగే స్థాయికి తీసుకెళ్లి, ఆ తర్వాత ఫైటింగ్, కవచం, తప్పించుకోవడం మీదికి మళ్లించడం తేలికైన దారి. గొడ్డళ్లు చుట్టూ ఉన్న అందరినీ ఒకే ఊపులో కొడతాయి కాబట్టి కొత్తవాళ్లకి అవి బాగా నప్పుతాయి.

దెబ్బ ఎంత పెంచామన్నదాంతో పాటు ఏ చిల్లు మిగిలిపోయిందన్నదీ చూసుకోవాలి. నెట్‌హ్యాక్‌లో విషం, మంత్రాలు, చూపు దెబ్బలు. ఆంగ్‌బాండ్‌లో పెరాలసిస్, కనబడని శత్రువులు. వీటికి రక్షణ లేనివాడి కత్తి ఎంత పదునైనా, చావడానికి ఒక్క టర్న్ చాలు. దొరికిన ఉంగరం 3 పాయింట్ల దెబ్బ ఇస్తుందా, ఒక చిల్లు పూడుస్తుందా అన్న పోటీ వస్తే సాధారణంగా రెండోదే గెలవాలి.

కిందికి ఎప్పుడు దిగాలి

దీని మీద ఒకదానికొకటి పొసగని సలహాలు వినబడతాయి. ఒకరు "ప్రతి ఫ్లోర్ ఊడ్చి దిగు" అంటారు, ఇంకొకరు "పరుగెత్తి దిగిపో" అంటారు. ఇద్దరూ తమ ఆట వరకు కరెక్టే.

బ్రోగ్‌లో ఎక్స్‌పీ అన్నదే లేదు. మాన్‌స్టర్‌ని చంపితే హీరో బలం ఒక్క పిసరు కూడా పెరగదు, బలమంతా నేల మీద దొరికే స్క్రోళ్లు, పోషన్ల నుంచే వస్తుంది. కాబట్టి అక్కడ ఫ్లోర్ అంతా వెతకాలి, పోరాటం మాత్రం తప్పించుకోగలిగితే తప్పించుకోవాలి. స్టోన్ సూప్‌లో ఎక్స్‌పీ ఉంది కానీ ఒక ఫ్లోర్‌లో ఉన్నవి దాదాపు అంతే, కూర్చుని పెంచుకునే వీల్లేదు. చంపగలిగినవన్నీ చంపి, చంపలేనిదాన్ని అక్కడే వదిలి, తర్వాత తిరిగొచ్చి చూసుకోవడం పద్ధతి. ఆంగ్‌బాండ్‌లో ఫ్లోర్ వదిలితే అది చెరిగిపోతుంది, మళ్లీ వెళ్తే కొత్తది తయారవుతుంది, పైగా ఒక మాన్‌స్టర్ ఇచ్చే ఎక్స్‌పీ దాని లెవల్‌తో పెరిగి హీరో లెవల్‌తో తగ్గుతుంది. పైన కూర్చుంటే లాభం అడుగంటుతుంది, అందుకే అక్కడి పాతకాపులు వేగంగా దిగమంటారు. నెట్‌హ్యాక్ మధ్యరకం: ఎంత కష్టమైన మాన్‌స్టర్ పుట్టొచ్చన్నది సుమారుగా ఫ్లోర్ లోతు, హీరో లెవల్ కలిపి సగం చేస్తే వచ్చే సంఖ్య. లెవల్ పెంచుకుంటూ పైనే తిరుగుతున్నా శత్రువులు కూడా పెరుగుతారు, కవచం మాత్రం దానంతటది పెరగదు.

అతిగా ఆగకుండా చూసే గడియారం ఆకలి. షాటర్డ్‌లో 300 టర్న్‌లకి ఆకలి, 450కి పస్తు మొదలు. స్టోన్ సూప్ 2021లో ఆకలిని పూర్తిగా తీసేసి వేరే గడియారం పెట్టింది, మామూలుగా ఆడేవాళ్లకి అది అడ్డురాదు. కొత్తవాళ్లు ఆకలికి భయపడి సగం హెచ్‌పీతో తలుపులు తెరుస్తుంటారు. నిజానికి ప్రతి పోరాటం తర్వాత విశ్రాంతి తీసుకోవడం వల్ల పస్తుతో చచ్చేవాళ్లు తక్కువ, తీసుకోక చచ్చేవాళ్లే ఎక్కువ.

చచ్చాక చదవాల్సింది

స్టోన్ సూప్, ఆంగ్‌బాండ్ లాంటివి చావు తర్వాత ఒక ఫైల్ రాసి పెడతాయి, అందులో చివరి మెసేజ్‌లు, సంచి అన్నీ ఉంటాయి. దాన్ని చివరి దెబ్బ దగ్గర కాకుండా ఆ శత్రువు మొదట కనబడిన చోటు నుంచి చదవాలి. ఓగర్ కనబడినప్పుడు హెచ్‌పీ 40కి 34, మెట్లు ఆరడుగుల దూరంలో. ఒక దెబ్బ తగిలింది, 19. ఇంకోసారి కొట్టి చూద్దాం అనుకున్నారు. 3. చివరి ఓగర్ దెబ్బ గురించి చేయగలిగింది ఏమీ లేదు, 19 దగ్గర చేయగలిగినవి కనీసం రెండు ఉన్నాయి.

మొదట్లో లక్ష్యం ఆట గెలవడం అని పెట్టుకుంటే నిరాశే. స్టోన్ సూప్‌లో 4 నుంచి 7 ఫ్లోర్ల మధ్య ఉండే టెంపుల్, నెట్‌హ్యాక్‌లో గ్నోమ్ గనుల లోపలున్న మైన్‌టౌన్ దాకా చేరడం మొదటి మెట్టుగా సరిపోతుంది. షాటర్డ్‌లో అయితే అయిదో ఫ్లోర్ బాస్ గూ: అది నీళ్లలో ఉంటే హెచ్‌పీ నింపుకుంటుంది కాబట్టి పొడి నేల మీదికి లాగాలి, ఉబ్బడం మొదలుపెట్టిందంటే కొట్టడం ఆపి వెంటనే దూరం జరిగిపోవాలి.